అమ్మమ్మ జీవితాన్ని రాసి దాచుకోవడం ఎలా: ఆమె బైబిలు నుంచి సమాధి రాయి దాకా

మా అమ్మమ్మ పోయిన నాలుగో రోజు, ఇంటినిండా చుట్టాలు ఉన్నప్పుడే, జ్ఞాపకార్థ కూడికలో చదవడానికి ఆమె జీవిత చరిత్ర రాయమని పెద్దమామ నా చేతికి ఒక తెల్లకాగితం ఇచ్చాడు. రాశాను. "ప్రార్థనాపరురాలు, ప్రేమగలది, సంఘానికి ఎంతో సేవ చేసింది, పిల్లలను దైవభక్తిలో పెంచింది." అర పేజీ వచ్చింది. చదివి చూసుకుంటే అందులో మా అమ్మమ్మ ఎక్కడా లేదు, సికింద్రాబాదులో ఏ చర్చిలో ఏ పెద్దావిడ పోయినా చదవగలిగే కాగితం అది. ఇరవై ఏడేళ్లు ఆమె చేతి అన్నం తిన్న నాకు ఆ నాలుగు మాటలే దొరికాయని ఏడుపొచ్చింది.

తర్వాత ఏడాది పాటు తిరిగి, అడిగి, వెతికి 64 పేజీల చిన్న పుస్తకం చేశాం. ఆ ఏడాదిలో నేర్చుకున్నవి, చేసిన తప్పులతో సహా, వరసగా రాస్తున్నాను. మాది మెదక్ వైపు నుంచి వచ్చి సికింద్రాబాదులో స్థిరపడ్డ సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబం, కాబట్టి ఉదాహరణలు అక్కడివే ఉంటాయి. మీరు క్యాథలిక్కులైనా బాప్టిస్టులైనా చేయాల్సిన పని ఇదే. అన్నిటికంటే ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి: ఇంట్లోవాళ్లకు ఆమె సగమే తెలుసు. మిగతా సగం చర్చిలో ఆమె పక్క బెంచీలో కూర్చున్నవాళ్ల దగ్గర ఉంటుంది, వాళ్ల వయసు కూడా ఎనభై దాటి ఉంటుంది. అందుకే ఆలస్యం చేయకండి.

1. బీరువా పంచుకోకముందే ఫొటోలు తీయండి

దుఃఖంలో ఉన్నప్పుడు ఇల్లు సర్దేయాలనిపిస్తుంది. చీరలు అక్కచెల్లెళ్లకు, గిన్నెలు కోడళ్లకు, మిగతాది పాతసామాను అతనికి. మేమూ అలాగే చేశాం, వంటింట్లో మూలనున్న తుప్పు పట్టిన డాల్డా డబ్బా కూడా వెళ్లిపోయింది. రెండు నెలల తర్వాత తెలిసింది, అది ఆమె పిడికెడు బియ్యం డబ్బా అని. పూటపూటకీ బియ్యం కొలిచేటప్పుడు దేవుని పేరున ఒక గుప్పెడు తీసి అందులో వేసి, నిండాక చర్చికి పట్టుకెళ్లేది. ఇంట్లో గింజలు తక్కువైన రోజుల్లో కూడా ఆ గుప్పెడు ఆగలేదని మా అమ్మ చెప్పింది. ఇప్పుడు ఆ డబ్బా నా దగ్గరుంటే ఎంత బాగుండేదో.

కనీసం నెల రోజులు ఏదీ కదల్చొద్దని ఇంట్లో పెద్దవాళ్లను బతిమాలండి. కుదరకపోతే ఒక్క గంట సమయం అడగండి. బీరువా అరలు, పూసల డబ్బా, కళ్లజోడు, కుట్టుమిషను, మందుల డబ్బా, మంచం పక్క గూడు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు ఫోనుతో తీసుకోండి.

బైబిలుకైతే ఒక పూట పూర్తిగా కేటాయించండి. పేజీ పేజీ తిప్పండి. గీతలు పెట్టినవి, పక్కన రాసినవి, మడత పెట్టినవి అన్నీ ఫొటో తీయండి. మధ్యలో ఏదైనా కాగితం దొరికితే ముందు అది ఏ పేజీలో ఉందో ఫొటో తీసి, ఆ తర్వాతే పక్కకు తీయండి. ఎక్కడ పెట్టిందన్నది కూడా ఒక కబురే. మా అమ్మమ్మ బైబిల్లో ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారం నాటి ఎండిన మట్ట సిలువ ఒకటి, రెండు పాత కానుక కవర్లు, ఎవరిదో సమాధి కార్యక్రమం కార్డు దొరికాయి. 121వ కీర్తన పక్కన పెన్సిలుతో ఒక తేదీ, దాని కింద "చిన్నోడు బాంబే రైలు" అని ఉంది. రాకపోకలలో దేవుడు కాపాడతాడని చెప్పే కీర్తన అది. చిన్నమామ ఉద్యోగానికి వెళ్లిన రోజు స్టేషన్లో ఆమె ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదని ఇంట్లో అందరూ చెప్పుకునేవాళ్లు. ఆ పేజీ చూపిస్తే మామ అరగంట మాట్లాడలేకపోయాడు.

పాటల పుస్తకాన్నీ వదలొద్దు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల ప్రతి అంచులు ఏ పేజీల దగ్గర నల్లబడ్డాయో చూస్తే ఆమె ఎక్కువగా పాడిన పాటలు తెలిసిపోతాయి.

2. తేదీలు పట్టుకోండి

ఆ తరం ఆడవాళ్ల ఆధార్ కార్డులో పుట్టిన తేదీ చాలాసార్లు ఎవరో అంచనా వేసి రాయించింది. జనవరి 1 అనో, జూలై 1 అనో ఉంటే దాన్ని నమ్ముకోకండి. బాప్తిస్మం తీసుకున్న చర్చిలో బాప్తిస్మ రిజిస్టరు ఉంటుంది. చర్చిలో పెళ్లయితే వివాహ రిజిస్టరు ఉంటుంది, ఎందుకంటే 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి చేసినవాళ్లు దాన్ని రిజిస్టరులో ఎక్కించాలి. పాస్టరు అయ్యగారికి తెల్లకాగితం మీద అర్జీ రాసి, ఆమె పేరు, తండ్రి పేరు, సుమారు ఏడాది ఇచ్చి, ఆదివారం కాని రోజు వెళ్లండి. పాత రిజిస్టర్లు పొడిపొడిగా రాలిపోతుంటాయి, కాబట్టి మీరే కూర్చుని మెల్లగా వెతుకుతామని అడిగితే ఒప్పుకుంటారు. పెళ్లికి ముందు ఇంటిపేరు వేరు, కొందరికి బాప్తిస్మంలో పేరే మారింది, రెండు పేర్లతోనూ వెతకండి.

పాత సర్టిఫికెట్ మీద వెస్లియన్ మిషన్ అని ఉంటే కంగారుపడకండి. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న. అంతకుముందు మెదక్ వైపు సంఘాలు వెస్లియన్ మెథడిస్టు మిషన్ కింద, దోర్నకల్ వైపు సంఘాలు ఆంగ్లికన్ల కింద ఉండేవి. అదే చర్చి, అదే జనం, పేరు మాత్రం మారింది.

కాగితం దొరకని చోట ఊరంతా గుర్తుపెట్టుకున్న సంఘటనలతో ఏడాది తేల్చుకోవచ్చు. "పోలీసు చర్యప్పుడు తను ఎంత ఉన్నానని చెప్పేది?" అంటే హైదరాబాదు సంస్థానంలోకి భారత సైన్యం వచ్చిన 1948 సెప్టెంబరు. అణాలు పోయి నయాపైసలు వచ్చినప్పుడు అంటే 1957. తెలంగాణ కొట్లాటలో బడులు బందైన ఏడు 1969. అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని భయపడ్డది 1979 జూలై. పట్టపగలే చీకటి పడ్డ సూర్యగ్రహణం 1980 ఫిబ్రవరి 16. మేం వారాసిగూడ ఇంటికి మారిన ఏడాది ఎవరికీ గుర్తులేదు, "స్కైలాబ్ అన్నప్పుడు కొత్తింట్లో సామాను ఇంకా విప్పలేదు" అని పెద్దమ్మ అనడంతో తేలిపోయింది.

ఇంట్లో గొప్పగా చెప్పుకునే కథలను కూడా తేదీలతో సరిచూడండి. అమ్మమ్మ చిన్నప్పుడు మెదక్ చర్చికి ఇసుక మోసిందని మా ఇంట్లో అందరం నమ్మేవాళ్లం. రిజిస్టరులో ఆమె పుట్టింది 1938 అని వచ్చింది. మెదక్ చర్చి ప్రతిష్ఠ జరిగింది 1924 క్రిస్మస్ రోజున. అంటే ఇసుక మోసింది ఆమె కాదు. మళ్లీ అడిగితే మా తాత చెల్లెలు చెప్పింది, మోసింది అమ్మమ్మ వాళ్ల అమ్మ అని. కరువు రోజుల్లో, ఆ చర్చి కట్టించిన మిషనరీ పాస్నెట్ దొర, చర్చి పని పెట్టి కూలికి తిండి పెట్టేవాడు, ఆ తిండితోనే ఆ ఇల్లు బతికింది. అమ్మమ్మ ప్రతి సంవత్సరం మెదక్ వెళ్లి ఆ గోడకు ఎందుకు చెయ్యి ఆనించి నిలబడేదో నాకు అప్పుడు అర్థమైంది. తేదీ సరిచూడకపోతే ఆ కథ మాకు దొరికేది కాదు.

3. చర్చిలో పెద్దావిడల దగ్గర కూర్చోండి

దీనికే ఎక్కువ రోజులు పెట్టండి.

స్త్రీల సమాజం కూడిక రోజు కాస్త ముందుగా వెళ్లండి. "వందనాలు అమ్మమ్మా, నేను ఫలానా ఆమె మనవణ్ణి" అంటే చాలు, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంటారు. కాగితం, పెన్ను వెంటనే తీయకండి. ముందు కాసేపు వాళ్ల బాగోగులు వినండి, మోకాళ్ల నొప్పి గురించి, అమెరికాలో ఉన్న కొడుకు గురించి. రికార్డు చేసుకోవచ్చా అని అడిగి, ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, వాళ్ల ఒడికి దగ్గరగా ఉంచండి. పైన ఫ్యాను తిరుగుతుంటే మాట కొట్టుకుపోతుంది, ఎండాకాలమైనా పది నిమిషాలు ఆపమని అడగండి.

"మా అమ్మమ్మ ఎలాంటి మనిషి?" అని మాత్రం అడగొద్దు. అలా అడిగితే "దేవతలాంటిది బిడ్డా" అంటారు, అక్కడితో అయిపోతుంది. చిన్నచిన్నవి అడగండి. ఏ బెంచీలో కూర్చునేది? ఎవరితో కలిసి నడిచి వచ్చేది? కోత పండుగకు ఏం తెచ్చేది? ఏ పాటకు గొంతు పెంచేది? పాస్టరు ప్రసంగం నచ్చకపోతే ఏం చేసేది? మీ ఇద్దరికీ ఎప్పుడైనా మాటామాటా వచ్చిందా? ఆమె మీ ఇంటికి మొదటిసారి ఎందుకొచ్చింది?

ఆ చివరి ప్రశ్న నాకు మా అమ్మమ్మను ఇచ్చింది. ఆదివారం ఆరాధన పదకొండున్నరకు అయిపోతే ఆమె ఒంటిగంట దాటాక ఇంటికి వచ్చేది, చర్చి ముందు నిలబడి ముచ్చట్లు పెడుతోందని తాత ఆకలితో విసుక్కునేవాడు. మా అందరికీ అదే తెలుసు. ఒక పెద్దావిడ చెప్పింది: "ముచ్చట్లేడియి బిడ్డా! గాంధీ దవాఖాన అప్పుడు టేషన్ కాడ ఉండె. మీ అమ్మమ్మ బన్నులు కొనుక్కొని పోతుండె. ఎవ్వరూ లేని పేషెంట్ల దగ్గర కూసొని తల దువ్వి వస్తుండె. నా పెనిమిటి ఆడ ఉన్నప్పుడే నాకు ఆమె దొరికింది." ముప్పై ఏళ్లు తాతకు కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తెలియదు, బన్నుల డబ్బులు ఇంటి ఖర్చులోంచి పోతున్నాయని అంటాడనేమో. ఈ సంగతి నేను రాసిన మొదటి అర పేజీలో లేదు. "సంఘానికి ఎంతో సేవ చేసింది" అన్న ఒక్క ముక్క మాత్రం ఉంది.

ఇరుగుపొరుగునూ అడగండి, ముఖ్యంగా వేరే మతం వాళ్లను. మా పక్కింటి ఖాలా రంజాన్‌కు పంపిన షీర్ ఖుర్మా గిన్నెను అమ్మమ్మ ఎన్నడూ ఖాళీగా తిరిగి ఇవ్వలేదట, కనీసం నాలుగు కరివేపాకు రెబ్బలైనా వేసి ఇచ్చేదట. పాలవాడిని, కిరాణా కొట్టాయన్ని, ఆమె ఎక్కే ఆటో అతన్ని కూడా వదలకండి.

4. వంట రాయడం

కొలతలకంటే ఆమె చేయి ఎలా కదిలేదో రాయండి. క్రిస్మస్‌కు ఆమె చేసే గులాబీ పువ్వులు మా చిన్నమ్మ ఎన్నిసార్లు చేసినా అచ్చుకు అంటుకుపోయేవి. మైదా, బియ్యప్పిండి, గుడ్డు, చక్కెర, కొబ్బరిపాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. లోపం ఎక్కడంటే, అచ్చును ముందు నూనెలో బాగా కాగనిచ్చి, పిండిలో ముప్పావు వంతు వరకే ముంచాలి, పైఅంచు మునిగితే పువ్వు ఊడిరాదు. ఈ సంగతి ఆమెతో కలిసి చేసిన పక్కింటి కోడలికి గుర్తుంది. ఇలాంటివి ఉత్త మాటలతో రావు, పొయ్యి దగ్గర నిలబడి చేస్తూ చెప్పించుకోండి, ఒకరు వీడియో తీయండి. ఆమె వాడిన గ్లాసు ఏదో, సోల ఏదో అది కూడా ఫొటో తీసి పెట్టుకోండి.

5. ఫొటోలు, గొంతు

పాత నలుపు తెలుపు ఫొటోలను లామినేషన్‌కు ఇవ్వకండి. ఒక షాపులో మా తాత, అమ్మమ్మల పెళ్లి ఫొటో, ఉన్నది అదొక్కటే, వేడికి ఉబ్బి పాడైపోయింది. జిగురు ఆల్బంలో అతుక్కుపోయినవి గోటితో పీకొద్దు, ఆల్బం పేజీతో సహా స్కాన్ చేయించండి. చిన్న ఫొటో అయితే 600 డీపీఐ అడగండి, తర్వాత పెద్దది చేసినా మసకబారదు. స్కానర్ లేకపోతే పొద్దున పూట కిటికీ పక్కన బల్ల మీద పెట్టి, ఫ్లాష్ ఆపి, ఫోను సమాంతరంగా పట్టుకుని తీసినా పుస్తకానికి సరిపోతుంది. ఫొటోలో ఉన్నవాళ్ల పేర్లు ఎడమ నుంచి కుడికి వెంటనే రాయించుకోండి. వెనక రాసేటప్పుడు మెత్తటి పెన్సిలుతో, నొక్కకుండా.

గొంతు కోసం కుటుంబంలో అందరి వాట్సాప్‌లు వెతికించండి. ఒక్కొక్కరు ఫోను మార్చేకొద్దీ వాయిస్ మెసేజ్‌లు పోతుంటాయి, కాబట్టి దొరికినవాటిని ఈ రోజే డ్రైవ్‌లోకి పంపించుకోండి. మాకు దొరికింది మొత్తం పదకొండు నిమిషాలు. అందులో ఎక్కువ భాగం గ్యాస్ కట్టేశారా, తలుపు గడియ పెట్టారా, తిన్నారా అని. అంతకంటే మంచి రికార్డింగ్ ఉండదు నాకు. పెళ్లి క్యాసెట్లు ఉంటే ప్లే చేసేముందు టేపు మీద తెల్లని బూజు ఉందేమో చూడండి, ఉంటే తెలిసినవాళ్లకు ఇవ్వండి. లేకపోతే క్యాసెట్ ప్లేయర్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి లాప్‌టాప్ మైకు రంధ్రానికి 3.5 ఎంఎం వైరు కలిపి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎక్కించుకోవచ్చు. కోఠి గుజరాతీ గల్లీలో వైరు దొరుకుతుంది.

6. రాయడం

పుట్టుక నుంచి మొదలుపెట్టకండి. ఆమె ఎప్పుడూ చేసే ఒక పనితో మొదలుపెట్టండి, మేమైతే ఆమె ఒంటిగంట దాటాక ఇంటికొచ్చే ఆదివారంతో మొదలుపెట్టాం. పుట్టుక, పెళ్లి, పిల్లలు తర్వాత వరసగా వస్తాయి. "ప్రేమగలది" అని రాసిన ప్రతిచోటా ఆగి, అలా అనిపించేలా ఆమె ఏం చేసిందో అది రాసి, ఆ మాట కొట్టేయండి. ఒక పని దొరక్కపోతే ఇంకా ఒకరిని అడగాలన్నమాట.

ఇల్లు ఒక అధ్యాయం, చర్చి ఒక అధ్యాయం అని విడదీయాలనిపిస్తుంది. మేమూ మొదట అలాగే చేసి చెరిపేశాం. పిడికెడు బియ్యం వంటింటిదా, చర్చిదా? మా అమ్మ పదో తరగతి పరీక్ష రోజు ఆమె చేసిన ఉపవాసం దేనికిందికి వస్తుంది? ఆమెకు ఆ రెండూ ఒకటే, పుస్తకంలోనూ కలిపే ఉంచండి.

కోపతాపాలు దాచకండి. మా అమ్మమ్మ ఒక కోడలితో రెండేళ్లు మాట్లాడలేదు. ఆ అత్తనే అడిగాను, రాయమంటావా అని. "రాయి, కానీ మొదట పలకరించింది ఆమేనని, క్రిస్మస్ ముందు రోజు చీర పట్టుకుని వచ్చి నా ముందు తల వంచుకుని నిలబడిందని కూడా రాయి" అంది. అనుమతి ఇవ్వకపోతే మానేయండి, బతికున్నవాళ్లను బాధపెట్టే అక్షరం ఆమెకూ నచ్చదు.

7. కూడిక

క్యాథలిక్కులైతే ఆత్మశాంతి కోసం పూజ పెట్టించి, నవంబరు 2న సమాధుల దగ్గరకు వెళ్తారు. మన దగ్గర ప్రొటెస్టెంటు సంఘాల్లో అది ఆ జీవితం కోసం దేవునికి కృతజ్ఞత చెప్పే కూడిక. ఏదైనా గంటంపావు దాటకుండా చూడండి. జీవిత చరిత్ర ఏ4లో పేజీన్నర చాలు, ముందు రోజు గట్టిగా చదివి గడియారం చూసుకోండి. సాక్ష్యాలు, అంటే ఆమె గురించి లేచి చెప్పే మాటలు, ముగ్గురికి మించి వద్దు: ఇంటి నుంచి ఒకరు, సంఘం నుంచి ఒకరు, వీధి నుంచి ఒకరు. ఎవరు ఏ సంగతి చెబుతారో ముందే పంచుకుంటే ఒకటే మాట మూడుసార్లు రాదు.

వాక్యం ఆమె గీత పెట్టినదే చదివించండి. లేదంటే పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయం ఐదో వచనం ఉంది, తిమోతి విశ్వాసం మొదట అతని అవ్వ లోయిలో ఉండేదని గుర్తుచేస్తాడు అక్కడ. కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం కూడా ఇచ్చి ఉంటాయి. పెద్దవాళ్లు పాడే వరుస ఒకటి, కీబోర్డు కుర్రాడికి తెలిసింది ఇంకొకటి అయితే ఆమె ఇష్టమైన పాట మధ్యలోనే ఆగిపోతుంది. ముందే ఇద్దరినీ కలిపి ఒకసారి పాడించండి.

8. అచ్చు

యాభై, వంద కాపీలకు డిజిటల్ ప్రింటింగ్ సరిపోతుంది. పేజీల సంఖ్య 16తో భాగించేలా, 32, 48, 64, చూసుకుంటే కాగితం వృథా కాదు. మీరు ఫోనులో టైపు చేసేది యూనికోడ్, చాలా ప్రెస్సుల్లో వాడేది అను ఫాంట్లు. మార్చేటప్పుడు ఒత్తులు, సంయుక్తాక్షరాలు చెదురుతాయి. అందుకే ప్రూఫు కచ్చితంగా కాగితం మీద తీయించి, ఇద్దరు చదవండి, అందులో ఒకరు అరవై దాటినవాళ్లు అయితే మంచిది, మేం చూడని పేర్ల తప్పులు మా పెద్దమ్మే పట్టింది. అక్షరం పెద్దదిగా పెట్టించండి, చదివేది ఆమె వయసువాళ్లు.

మొదటి కాపీలు మీకు మాటలిచ్చిన పెద్దావిడలకు ఇవ్వండి. చర్చిలో పంచేయకుండా ఇంటికి వెళ్లి ఇవ్వండి.

9. రాయి, ఆ తర్వాత ఈస్టర్

హైదరాబాదు సమాధుల తోటల్లో చోటు తక్కువ, చాలా కుటుంబాల్లో ఒకే సమాధిలో ఇద్దరు ముగ్గురు ఉంటారు. మా అమ్మమ్మను కూడా తాత సమాధిలోనే ఉంచాం. రాయి చెక్కించేముందు కింద ఇంకో పేరుకు ఖాళీ వదలండి. చెక్కేవాడికి నోటితో చెప్పకండి, చేతిరాత ఇవ్వకండి, పెద్ద అక్షరాల ప్రింటు ఇచ్చి, చెక్కడానికి ముందు రాయి మీద గీసిన అక్షరాలను మీరే వెళ్లి చూసుకోండి. రాయి మీద తప్పును దిద్దడం కుదరదు. తేదీ రిజిస్టరులో ఉన్నదే వేయించండి.

ఈస్టర్ వేకువకు అందరూ సమాధుల దగ్గరకు వస్తారు కాబట్టి సమాధికి సున్నం పని గుడ్ ఫ్రైడే ముందే చేయించండి. ఆ రోజు బకెట్టుతో నీళ్లు, చీపురు, బంతిపూలు, కొవ్వొత్తులు తీసుకెళ్లండి. నాలుగున్నరకు గాలి ఉంటుంది, కొవ్వొత్తులను గాజు గ్లాసుల్లో నిలబెడితే ఆరిపోవు. పోయిన ఈస్టర్‌కు మా చిన్నమామ కూతురితో పుస్తకంలో ఒక పేజీ చదివించాం, బన్నుల పేజీ. అది చదువుతుంటే పక్క సమాధి దగ్గర ఉన్న ఒకాయన వచ్చి నిలబడి, గాంధీ దవాఖానలో తన తల్లికి కూడా ఎవరో ఒకామె ఆదివారాలు తల దువ్వేదని చెప్పాడు. ఆయన నంబరు తీసుకున్నాను, పై ఆదివారం వాళ్లింటికి వెళ్తున్నాను. రెండో ముద్రణకు నాలుగు తెల్ల పేజీలు ఉంచమని ప్రెస్సులో చెప్పి వచ్చాను, మీరు కూడా చివర కొన్ని ఖాళీగా ఉంచుకోండి.